సైంధవ వధ రోజున గుర్రాలకు నీళ్ళు

ఈ వారంలోనే రథసప్తమి. జిల్లేడు ఆకులు, రేగుపండ్లు నెత్తిన పెట్టుకుని స్నానాలు చేస్తాం. పిడకల మీద పాలు పొంగించి పరమాన్నం వండుతాం. చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి రథం కడతాం. ఆ రథానికి గుర్రాలు ఏడు: గాయత్రి, బృహతి, ఉష్ణిక్కు, జగతి, త్రిష్టుప్పు, అనుష్టుప్పు, పంక్తి. వేదంలోని ఛందస్సులే సూర్యుడి రథాన్ని లాగుతున్నాయని పెద్దలు చెప్పిపెట్టారు.

మాఘమాసం కదా, పెళ్ళి ముహూర్తాలూ ఇప్పుడే. శంషాబాద్ నుంచి ఎటు తిరిగినా ఫంక్షన్ హాళ్ళు, కన్వెన్షన్ సెంటర్లు. సాయంత్రమైతే గేటు ముందు ఓ గుర్రం నిలబడి ఉంటుంది. నెత్తిన కుచ్చు, వీపున జరీ గుడ్డ, చెవికి రెండడుగుల దూరంలో డీజే పెట్టె. గుర్రం ఏ చెవికాచెవిని విడిగా తిప్పి వింటుంది, మనకందని చప్పుళ్ళూ దానికి అందుతాయి. ఆ డీజే మోతకు మన గుండెలే అదురుతుంటే దాని సంగతేమిటి? కాలు కదిపితే సయీసు కళ్ళెం గుంజుతాడు. పైన కూర్చున్న పెళ్ళికొడుకు సెల్ఫీకి నవ్వుతుంటాడు. మా చిన్నప్పుడు మా వైపు పెళ్ళిళ్ళలో ఎదురుకోళ్ళు, పల్లకీ ఉండేవి. గుర్రం లేనందుకు ఏ లగ్నమూ ఆగిపోలేదు.

ఈ ఊరేగింపుల్లో ఎక్కువగా ఆడగుర్రాలనే వాడతారు, నెమ్మదిగా ఉంటాయని. అయినా ముచ్చింతల్ వైపు సర్వీస్ రోడ్డు పక్కన చాలాకాలం తిరిగింది మాత్రం ఓ ముసలి మగగుర్రం. కళ్ళపైన గుంటలు పడ్డాయి, కింది పెదవి వేలాడిపోయింది, వీపు ఉయ్యాలలా వంగింది. నాడా ఒక్క కాలికే మిగిలింది. ఒకప్పుడు మనుషుల మధ్య బతికినదే అయినా పూర్తిగా అడవి గుణం పట్టింది. ఇరవై అడుగుల దూరంలోకి ఎవరొచ్చినా చెవులు వెనక్కి నొక్కేది. నెత్తిమీదుగా విమానం దిగుతున్నా తల ఎత్తేది కాదు గానీ మనిషి అడుగుల చప్పుడైతే చాలు, గడ్డి వదిలేసి పక్కకు జరిగేది. టీ కొట్టాయనను అడిగితే, "కిరాయిలకు పనికొస్తలేదని ఇడిచిపెట్టిండ్రు సార్. గడ్డెవలు కొంటరు?" అన్నాడు. మొన్న పుష్యమాసంలో అది చచ్చిపోయింది. వయసు మీదపడి పోయిందో, ఏమైనా తిని పోయిందో చూసి చెప్పినవాళ్ళు లేరు.

తిండి ఊసు ఎందుకెత్తానంటే, ముచ్చింతల్‌లోని సమతామూర్తి విగ్రహ దర్శనానికి వచ్చేవాళ్ళు కార్లు ఆపి దానికి పులిహోర, లడ్డూలు, అరటిపళ్ళు పెట్టడం నేను చూశాను. కొందరు ప్లాస్టిక్ కవరుతో సహా విసిరేవారు. చేతులు దులుపుకుని, దణ్ణం పెట్టుకుని, కారెక్కేవారు. ఇదేం పుణ్యం? గుర్రానికి వాంతి రాదు. తిన్నది మంచిదైనా చెడ్డదైనా కడుపులోంచి ముందుకు పోవాల్సిందే. పోకపోతే నొప్పితో కింద పడి పొర్లి పొర్లి ప్రాణం వదులుతుంది. దాని జీర్ణకోశం రోజంతా కొంచెం కొంచెంగా గడ్డి మేయడానికి ఏర్పడింది. ఒక్కసారిగా తీపి, ధాన్యం పడితే కడుపుతో పాటు డెక్కలోపలి మెత్తని భాగం కూడా వాచిపోయి నడవలేకపోతుంది. ముసలి గుర్రానికి పళ్ళు అరిగిపోతాయి. ఎండుగడ్డిని నమలలేక ఉండలు చేసి కింద పడేస్తుంది. అలా పడేసిన ఉండలు రోడ్డు పక్కన కనిపిస్తే, దానికి ఆకలి లేదని కాదు, నమిలే ఓపిక లేదని. అలాంటి గుర్రానికి నానబెట్టి మెత్తగా ఉడికించిన ఉలవలు కొద్దిగా, తడి తవుడు, కోసి తెచ్చిన పచ్చగడ్డి పెట్టాలి. రోజూ ఒకే చోట పెట్టి దూరంగా వచ్చేయాలి. తాడుతో తరమకూడదు, వెనకనుంచి వెళ్ళకూడదు. అన్నిటికన్నా ముందు నీళ్ళు. ఎండాకాలంలో గుర్రం రోజుకు ముప్పై, నలభై లీటర్లు తాగుతుంది. రోడ్డు మీద ఏ తొట్టిలో తాగాలి? ఒకప్పటి బంచరాయి భూములు వెంచర్లయ్యాయి. ఎయిర్‌పోర్టుకే దాదాపు 5,500 ఎకరాలు పోయింది. నిజాం అశ్వికదళాన్ని పోషించిన పైగా నవాబుల బిరుదు షమ్స్-ఉల్-ఉమ్రా మీదుగా శంషాబాద్‌కు ఆ పేరొచ్చిందంటారు. ఆ ఊళ్ళో ఇప్పుడు గుర్రం మూతి పెట్టడానికి ఓ నీళ్ళ తొట్టి లేదు.

మన పురాణాల్లో గుర్రానికి ఇంత చిన్నచూపు లేదు. సూర్యుడి తాపానికి ఓర్వలేక ఆయన భార్య సంజ్ఞాదేవి తన నీడైన ఛాయను ఇంట్లో ఉంచి, తాను ఆడగుర్రమై మేస్తూ తిరిగింది. సూర్యుడూ గుర్రమై వెతుక్కుంటూ వెళ్ళాడు. వాళ్ళకు పుట్టినవాళ్ళే అశ్వినీ దేవతలు, దేవవైద్యులు. ముసలి చ్యవనుడికి యౌవనం ఇచ్చినవాళ్ళు. వాళ్ళ వరాన పుట్టిన నకులుడు విరాటుడి కొలువులో దామగ్రంథి పేరుతో గుర్రాలకు సేవ చేశాడు. పాండవుల్లో అందగాడు, లద్దె ఎత్తడానికి సిగ్గుపడలేదు.

నాకు ఎన్నిసార్లు చదివినా తీరనిది ద్రోణపర్వంలోని ఘట్టం. పొద్దు గుంకేలోగా సైంధవుణ్ణి చంపకపోతే అగ్నిలో దూకుతానని అర్జునుడి శపథం. యుద్ధం మొత్తంలో అంత బిగుసుకున్న గడువు ఇంకే రోజుకూ లేదు. సగం దారిలో గుర్రాలు అలిసిపోయాయి, ఒంటినిండా బాణాలు. అప్పుడు ఏం చేశారు? కొరడా తీయలేదు. రథం ఆపారు. అర్జునుడు నేలమీదికి దిగి, చుట్టూ కమ్ముకున్న సేనను ఒంటరిగా నిలువరించాడు. బాణంతో నేల చీల్చి నీళ్ళు రప్పించాడు, బాణాలతోనే నీడకు ఇల్లు కట్టాడు. కృష్ణుడు పగ్గాలు విప్పి, ఒంట్లో దిగిన ములుకులు ఒక్కొక్కటీ తీసి, చేత్తో ఒళ్ళు రుద్ది, నీళ్ళు తాగించి, మేపి, మళ్ళీ కట్టాడు. గీత చెప్పిన నోటికి మనం రోజూ మొక్కుతాం. గుర్రం ఒళ్ళు రుద్దిన ఆ చేతుల్ని ఎవరూ పెద్దగా తలుచుకోరు. ఆ రోజున ఆపగలిగిన రథం ముందు, మన బారాత్ పది నిమిషాలు ఆగలేదా?

గుర్రాల కోసం చట్టాలూ లేకపోలేదు. అమెరికాలో 1971లో అడవి గుర్రాల రక్షణకు ప్రత్యేకంగా చట్టం చేశారు. తర్వాత హెలికాప్టర్లతో తరిమి దొడ్లలో పెడుతున్నారని అక్కడా గొడవే. మన దగ్గర 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉంది. ఆకలిదప్పులతో అల్లాడే స్థితిలో జంతువును వదిలేయడం దాని ప్రకారం నేరమే. మొదటిసారి దొరికితే జరిమానా పది నుంచి యాభై రూపాయలు. గుర్రం నెత్తిన పెట్టే కుచ్చు కూడా ఆ డబ్బుకు రాదు.

ఈ నెలలో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళకు ఓ మాట. గుర్రం లేకుంటే మీ అబ్బాయి అలుగుతాడనుకుంటే, అడ్వాన్స్ ఇచ్చే ముందు యజమానిని రెండు ప్రశ్నలు అడగండి: దీని వయసెంత, ముహూర్తాలు లేని ఆషాఢంలో ఇది ఎక్కడ ఉంటుంది? రెండోదానికి సూటిగా జవాబు రాకపోతే వేరేవాళ్ళను చూసుకోండి. లగ్నం రాత్రి పదకొండుకైతే గుర్రాన్ని ఆరింటికే తెచ్చి నిలబెట్టించకండి. డీజే పెట్టెను గుర్రానికి దూరంగా జరిపించండి. గేటు దగ్గర వెల్‌కమ్ డ్రింకుల బల్ల వేస్తారుగా, దాని పక్కనే ఓ టబ్బు నిండా మంచినీళ్ళు పోయించండి.