సంతకానికి ముందు

ముస్లిం స్త్రీల విడాకులు, భరణం అనగానే మనకు షాబానో గుర్తొస్తుంది, అదంతా ఇండియా గొడవ అనుకుంటాం. కానీ నేనుండే ప్లేనో ఊరు చాలామటుకు కాలిన్ కౌంటీలో ఉంది. ఆ కౌంటీ కోర్టులోనే ఇలాంటి చిక్కు ఒకటి వచ్చింది.

ఒక ముస్లిం మహిళ 2020లో విడాకులు కోరింది. 2008లో పెళ్ళి సమయంలో ఆమె సంతకం చేసిన ఒప్పందాన్ని భర్త బయటికి తీశాడు. తగాదా వస్తే మత పండితుల మండలి తీర్చాలని అందులో ఉంది. దేనిమీద సంతకం చేస్తున్నానో నాకు తెలియదు, అంది ఆమె. జడ్జి మాత్రం కేసును ఆ మండలికే పంపారు. 2022లో టెక్సస్ సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. ఒప్పందం చెల్లుతుందో లేదో ముందు కోర్టే తేల్చాలంది. మత చట్టం మంచిదా చెడ్డదా అన్న జోలికి పోలేదు.

ఇండియాలో సంతకం కూడా అక్కర్లేదు, ఆ మతంలో పుడితే చాలు. 1985లో షాబానోకు నెలకు 179 రూపాయల 20 పైసల భరణాన్ని సుప్రీంకోర్టు ఖాయం చేస్తే, మరుసటి ఏడే పార్లమెంటు వేరే చట్టం తెచ్చింది. అయినా సాధారణ చట్టం తలుపు మూసుకుపోలేదని 2024 జులై 10న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు మన తెలంగాణదే. ఖులా కోరే భార్యకు భర్త ఒప్పుకోలు అవసరం లేదని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు చెప్పింది.

మనవాళ్ళలో కొందరు, అందరికీ ఒకే చట్టం పెడితే సరిపోతుంది అంటారు. కొందరు, వాళ్ళ మతం వాళ్ళిష్టం అంటారు. ఇద్దరూ మతాన్నే చూస్తున్నారు, మనిషిని కాదు. హిందూ చట్టాన్నే తీసుకోండి. పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటాను ఎన్టీఆర్ ప్రభుత్వం 1985 నుంచే వర్తింపజేసింది. దేశమంతటా కూతుళ్ళకు ఆ హక్కు 2005లో వచ్చింది. అయినా పసుపు కుంకుమల కింద ఇంత ముట్టజెప్పి, వాటా వదులుకున్నట్టు ఆడపడుచుల చేత సంతకాలు పెట్టించుకున్న ఇళ్ళు ఎన్ని లేవు? చట్టం మారినంత మాత్రాన సంతకం ఆమె సొంతం కాలేదు.

తెలిసి, ఇష్టపడి మత పెద్దల దగ్గరికి వెళ్తానంటే కాదనడానికి మనమెవరం? ఆ స్వేచ్ఛా ఆమెదే. తెలిసిందా లేదా అన్నదే ప్రశ్న. మా సాఫ్ట్‌వేర్ లోకంలో షరతులు చదవకుండానే అందరూ 'ఐ అగ్రీ' నొక్కుతారు. నచ్చకపోతే ఆ ప్రోగ్రామ్ తీసి పారేస్తారు. పెళ్ళి అలా కాదు. పెళ్ళి సందడిలో, పెద్దల ఎదుట, కాగితం ఆసాంతం చదువుతానని కూర్చునే పెళ్ళికూతురు ఎక్కడుంది?

సెక్యులర్ రాజ్యం మతగ్రంథాలకు వ్యాఖ్యానం రాయనక్కర్లేదు. ఏ మతం స్త్రీ అయినా వచ్చి తలుపు తడితే, "ఇందులో ఏముందో నీకెవరైనా చదివి చెప్పారా? కాదనే వీలు నీకుండిందా?" అని అడిగే కోర్టు ఒకటి ఉంటే చాలు. పుట్టుక వల్లగానీ, సంతకం వల్లగానీ ఆ తలుపు మాత్రం మూతపడకూడదు.