తెలియకపోతే లేనట్టేనా?

మా అనకాపల్లిలో తీపికి కరువు లేదు. పేరుమోసిన బెల్లం మార్కెట్టున్న ఊరు కదా! ఇంటికొచ్చిన వాళ్ళ చేతిలో ఏదో ఒక తీపి పెట్టకపోతే మర్యాద తప్పినట్టు బాధపడిపోతాం. వద్దన్నవాళ్ళని "ఒక్క ముక్కకేమవుతుందండీ!" అని బలవంతం కూడా చేస్తాం.

మా పక్కింటి మామ్మగారికి ఈమధ్య దాహం ఎక్కువైంది. రాత్రి నాలుగైదుసార్లు లేస్తారు. కాలికి తగిలిన దెబ్బ నెల దాటినా మానలేదు. "ఒకసారి రక్తం పరీక్ష చేయించుకోండి మామ్మగారూ" అన్నాను.

"నాకు షుగరెందుకొస్తుందే అమ్మాయ్! పంచదార ముట్టి పదేళ్ళయింది. కాఫీలోకి కూడా బెల్లమే. అయినా పరీక్ష చేయించుకుంటేనే కదా జబ్బు ఉన్నట్టు తెలిసేది?" అని నవ్వేశారావిడ.

బెల్లమైనా పంచదారైనా చెరుకు బిడ్డలే. రక్తంలో చేరాక రెండూ చేసే పని దాదాపు ఒకటే. చెప్పాను, వినలేదు. ఇంటికొచ్చి ఆవిడ అమాయకత్వాన్ని మావారికి చెప్పి నవ్వుకున్నాను.

వారం తిరక్కుండా ఆ నవ్వు నా మీదికే తిరిగొచ్చింది. ఆశా కార్యకర్త, నర్సమ్మ కలిసి బి.పి. మిషనుతో మా వీధికొచ్చారు. మావారికి దగ్గరుండి చూపించాను. "మరి మీకో అమ్మా?" అంది నర్సమ్మ.

"నాకేం, దుక్కలా ఉన్నాను. పొయ్యిమీద పప్పుంది" అన్నాను.

ఆ అమ్మాయి వదల్లేదు. చేతికి పట్టీ చుట్టింది. 160/100! కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూసింది. అంకె దిగలేదు. "ఒక్కరోజుతో తేల్చకూడదమ్మా, డాక్టరుగారికి చూపించుకోండి" అంది.

నాకు నలభై ఆరేళ్ళు. ఇంటిల్లిపాది మందుల వేళలూ నాకు కంఠతా వచ్చు. నా రక్తపోటు ఎంతో మాత్రం ఏనాడూ చూసుకోలేదు. అది త్యాగమనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు, భయం! తెలిస్తే ఆవకాయ తగ్గించాలి, రోజూ మాత్ర మింగాలి. అందరినీ కనిపెట్టుకుని ఉండే నన్నే మరొకరు కనిపెట్టుకోవాలి.

ప్రపంచంలో 30 నుంచి 79 ఏళ్ళ మధ్యవారిలో 128 కోట్లమందికి అధిక రక్తపోటు ఉందనీ, వారిలో 46 శాతం మందికి ఆ సంగతే తెలియదనీ 2021లో ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క చెప్పింది. మూడింట రెండువంతులమంది మనలాంటి దేశాలవాళ్ళే. మన దేశంలో షుగరున్నవాళ్ళు 10 కోట్ల పైమాటేనని 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం అంచనా.

అయితే తెలియకపోవడాలన్నీ ఒకటి కావు. ఒక పూట కూలి పోతుందని ఆస్పత్రి గడప తొక్కలేని చెరుకుతోట కూలీకి తెలియకపోతే, ఆ తప్పు ఆమెది కాదు, మనందరిదీ. నర్సు గుమ్మంలోకొస్తే పప్పు వంక పెట్టిన నాది అజ్ఞానం కాదు, నాకు నేను చెప్పుకున్న అబద్ధం. "నా ఒళ్ళు, నా ఇష్టం" అనొచ్చు. రేపు పక్షవాతమొస్తే మంచం పక్కన కూర్చోవలసింది మా అమ్మాయి. నా అబద్ధానికి అది అప్పు తీర్చాలా?

సాయంత్రం మామ్మగారికి నా అంకె చెప్పాను. ఈసారి ఆవిడ నవ్వలేదు. చాలాసేపు కాలి కట్టు సర్దుకుంటూ కూర్చుని, "రేపు డాక్టరు దగ్గరికి ఒక్కదానివే ఏం వెళ్తావే? నీకు తోడు నేనూ వస్తాలే" అన్నారు.

ఎవరు ఎవరికి తోడో మా ఇద్దరికీ తెలుసు. పైకి మాత్రం అనుకోలేదు.