బోర్డు చదివిన బిడ్డ

ధ్యాన వాక్యభాగములు: మత్తయి 4:5-7, 1 సమూయేలు 3:16-18



ఒక వేసవి సెలవులలో మా సంఘ యౌవనస్థులు, సండేస్కూలు పిల్లలు, పెద్దలము కలిసి ఒక దినమంతా ప్రార్థనలో గడపాలని హోగేనకల్లుకు బయలుదేరాము. సొంత వండి ఏమీ లేదు. పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు సంచులలో పెట్టుకొని పెన్నాగరము మీదుగా సర్కారు బస్సులోనే వెళ్లాము. పెన్నాగరము దాటిన తరువాత బస్సు మలుపులు తిరుగుతూ అడవిలోనికి దిగుతుంది. హోగేనకల్ అనేది కన్నడ మాట. హొగె అంటే పొగ, కల్ అంటే రాయి. రాళ్లమీద పడిన కావేరి నీరు పొగవలె పైకి లేస్తుంది గనుక ఆ పేరు వచ్చింది. తమిళుల పుగై, కన్నడిగుల హొగె, మన పొగ, ఈ మూడూ ఒక్క తల్లి బిడ్డలే గదా అని పిల్లలకు చెప్పి సంతోషించాము. ఏండ్ల తరబడి బడిలో పాఠము చెప్పిన నోరు ఊరకుండదు!

జలపాతము దగ్గర జనము ఎక్కువగా ఉన్నారు. ప్రార్థనకు ఏకాంత స్థలము కావాలని ఊరి వెలుపల అడవిలోనికి పోయే ఒక కాలిబాట పట్టాము. బాట మొదట్లో ఒక బోర్డు ఉన్నది, తమిళములో. మాకు తమిళము మాట్లాడను వచ్చును గాని చదవను రాదు. ఐదవ తరగతి చదివే ఒక అమ్మాయి దాని ముందు నిలబడి, వేలు పెట్టి అక్షరము అక్షరము చదివి, "తాతగారూ, పర్మిషన్ లేకుండా లోపలికి పోగూడదంట, ఏనుగులు తిరుగుతాయంట" అన్నది.

అప్పుడు మేము ఏమి చేశామో దాచకుండా వ్రాస్తున్నాము. "నీవు ఊరుకోమ్మా, దేవుని బిడ్డలకు దేవదూతల కాపుదల ఉన్నది" అని 91వ కీర్తన ఎత్తి చెప్పి, అందరినీ ముందుకు నడిపించాము. యౌవనస్థులు "ఆమేన్" అన్నారు. ఆ బిడ్డ మారు పలకలేదు. తల వంచుకొని వెనుక నడిచింది.

రెండు ఫర్లాంగులు పోయామో లేదో, విరిగిన వెదురు కొమ్మలు, దారి నడుమ ఇంకా ఆవిరి పోతున్న ఏనుగు పేడ కనబడినవి. ఇంతలో అడవి కాపలాదారు ఒకాయన చెట్ల చాటునుండి వచ్చి, నోటిమీద వేలుంచి, మమ్మును ఒక పెద్ద బండ వెనుకకు తోశాడు. కొద్ది సేపటికి ఎదుటి పొదలు కదిలినవి. ఒక తల్లి ఏనుగు, దాని కాళ్ల సందున పిల్ల, వాటి వెనుక మరి నాలుగు. నీళ్లకు ఏటివైపు పోతున్నవి. మా చేతులలో ఆ అమ్మాయి చెయ్యి వణికింది. నిజము చెప్పాలంటే ఆమె చేతికంటె మా చెయ్యే ఎక్కువ వణికింది. గుంపు దాటిపోయిన తరువాత ఆయన మమ్మును బస్‌స్టాండు వరకు తెచ్చి విడిచాడు. ఒక్క కఠినమైన మాట అనలేదు. అదే మాకు ఎక్కువ శిక్ష అయినది.

ప్రియులారా, తిరుగు బస్సులో మత్తయి నాలుగవ అధ్యాయము మా మనస్సును పొడిచింది. దేవాలయ శిఖరము మీద శోధకుడు మన ప్రభువుతో ఏ కీర్తన చెప్పాడు? ఆ 91వ కీర్తనే! ప్రభువు దేవుని శోధింపకూడదని చెప్పి, దూకక నిలిచాడు. మేము శోధకుని వాక్యమును అతని అర్థములోనే పలికి, చిన్న పిల్లలను వెంటబెట్టుకొని దూకాము. వాక్యము తప్పు కాదు. తప్పు మా గర్వము. నమ్మకము వేరు, తెగింపు వేరు.

ఏలీని జ్ఞాపకము చేసుకొనండి. కన్ను మసకబారిన ఆ యాజకుడు, బాలుడైన సమూయేలును పిలిచి, దేవుడు చెప్పినది ఏదీ దాచవద్దని అడిగాడు. తనకు విరోధమైన మాట అయినా అంగీకరించాడు. ఏలీకి అనేక తప్పులున్నవి గాని బిడ్డ నోరు మూయలేదు. వలస వచ్చిన మన ఇండ్లలో ఒక దుఃఖము ఉన్నది: "మా పిల్లలకు తెలుగు బైబిలు సరిగా చదవడము రాదు" అని. ఆ దుఃఖము న్యాయమైనదే, వారికి తెలుగు నేర్పవలసినదే. అయితే మనము చదవలేని దానిని వారు చదువుతున్నారని గుర్తించామా? ఈ దేశపు అక్షరములు వారికి తెలుసు. ఆ దినమున దేవుడు మాకు పెట్టిన కావలి ఆ బిడ్డే.

అడవి దేవునిది గనుక మనము ఎక్కడైనా నడవవచ్చు అని కొందరంటారు. 104వ కీర్తన చదవండి. మృగములు తిరుగుటకు రాత్రిని, మనుష్యుడు పనికి పోవుటకు పగటిని దేవుడు ఏర్పరచెనని అక్కడ కనబడుతుంది. అడవి జంతువుల దాహము తీర్చువాడు ఆయనే. వాటికీ ఒక వంతు ఉన్నది. ఏనుగులు, నీటికుక్కలు, మొసళ్లు ఉన్న ఈ కావేరి తీరపు అడవులలో 686 చదరపు కిలోమీటర్లు, ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలోనివి, 2022లో కావేరి దక్షిణ వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడినవి. ఆదికాండము 2:15లో నరునికి తోటను సేద్యము చేయు పనితో పాటు కాయు పని కూడా అప్పగింపబడెను. ఆ పని నేడు చేయుచున్న కాపలాదారుని మాట త్రోసివేయడము భక్తి కాదు.

2018 మార్చి 11న తేని జిల్లా కురంగని కొండలలో కార్చిచ్చు చెలరేగి, నడకకు పోయినవారిలో 20 మందికి పైగా మరణించిన సంగతి మీకు తెలుసు. ఆ సంవత్సరమే తమిళనాడులో కొండ నడకలకు నియమములు వచ్చినవి. 2024 అక్టోబరులో ప్రభుత్వము 40 దారులను ఎంపికచేసి, ముందుగా పేరు నమోదు చేసుకొని, దారి తెలిసిన స్థానికుల తోడుతో నడిచే ఏర్పాటు చేసింది. కాబట్టి సంఘముగా వెళ్లేవారు ముందు అటవీశాఖవారిని అడగండి. నిప్పు రాజేయవద్దు. ప్లాస్టిక్ కవర్లు తిరిగి తెచ్చుకొనండి. పాటలు బస్సులో పాడుకొనండి, అడవిలో మౌనముగా నడవండి. చివరి బస్సు వేళ కనుక్కొనండి.

కొండలకు పోవద్దని మేము చెప్పడము లేదు. 1854 జనవరి 1న తెల్లవారకముందే జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో కొండ ఎక్కి ప్రార్థించారు. దొరకవలసిన జవాబుకు ఏండ్లు పట్టినవి. క్లౌ దొరగారు 1866లో ఒంగోలు చేరారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందారు. మన సంఘములు ఆ కొండ ప్రార్థన ఫలములే. ఆ అయిదుగురు దేవునికి గడువు పెట్టలేదు, ఆయనను పరీక్షించలేదు. అడిగి, కనిపెట్టుకొని ఉన్నారు.

మరుసటి ఆదివారము ఆరాధనలో ఆ అమ్మాయిని ముందుకు పిలిచి, సంఘము ఎదుట క్షమాపణ అడిగాము. ఆమె సిగ్గుపడి తల్లి చాటుకు పోయింది. మరునాడు సాయంకాలము పలక తీసుకొని మా ఇంటికి వచ్చినది. ఇప్పుడు ఆమె మాకు తమిళ అక్షరములు నేర్పుచున్నది, మేము ఆమెకు తెలుగు బైబిలు నేర్పుచున్నాము. ఆమె త్వరగా నేర్చుకొనుచున్నది. మా సంగతి అడుగవద్దు.

మన బిడ్డల నోట దేవుడు పలుకు హెచ్చరికను వినే చెవులను, ఆయన కాచే సృష్టిలో వినయముతో నడిచే పాదములను ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.