‘పర్సన్’ క్లాసులో పట్టని మనుషులు

జావా నేర్చుకునేవాళ్లలో చాలామంది మొదటి వారాల్లోనే ఒక మనిషిని తయారుచేస్తారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో అయినా, ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో అయినా, యూట్యూబ్ ముందు కూర్చుని నేర్చుకున్నా అభ్యాసం దాదాపు ఒకటే: ‘పర్సన్’ అనే క్లాస్ రాయండి. పేరు స్ట్రింగ్, వయసు ఇంటిజర్, ఆడా మగా అన్నది బూలియన్. దాన్నుంచి ‘స్టూడెంట్’నీ ‘ఎంప్లాయీ’నీ పుట్టించండి. ఒక కన్‌స్ట్రక్టర్, కొన్ని గెట్టర్లు, కొన్ని సెట్టర్లు. రన్ కొడితే స్క్రీన్ మీద ‘రవి, 21’ అని వస్తుంది. పది నిమిషాల పని, చిన్న సంతోషం.

ఆ పది నిమిషాల్లో సింటాక్స్‌తో పాటు ఇంకొకటి కూడా ఒంటపడుతుంది. మనిషన్నాక ఏమేం ఉండాలో, ఏవి ఉండక్కర్లేదో కుర్చీలో కూర్చుని మనమే తేల్చెయ్యొచ్చని. ఈ పాఠం ఏ సిలబస్‌లోనూ ఉండదు కాబట్టి నేర్చుకున్నట్టు కూడా తెలియదు. ఎవరికీ ఏ హానీ చెయ్యని ఇంత చిన్న అభ్యాసానికి నీతితో పనేమిటి? పని ఉందనే నా వాదన.

ముందు పేరు సంగతి చూద్దాం. చాలా ఉదాహరణల్లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు ఫీల్డులుంటాయి. లాస్ట్ నేమ్ అంటే చివరొచ్చే పేరా, ఇంటిపేరా? మనకి ఇంటిపేరు ముందొస్తుంది. తమిళుల్లో చాలామందికి ఇంటిపేరే ఉండదు, తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనిషియల్. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాళ్లకి అమెరికా వీసా మీద గివెన్ నేమ్ దగ్గర ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని అర్థం. ఆ మనిషికి తన పేరు తెలుసు, ఇంట్లోవాళ్లకి తెలుసు, వీధికంతా తెలుసు. తెలియనిది ఫారానికి. అయినా కాగితం మీద లోటు మాత్రం మనిషిదే అన్నట్టు ఉంటుంది.

తర్వాత బూలియన్. దానికి రెండే విలువలు. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నాల్సా తీర్పులో థర్డ్ జెండర్‌కి చట్టపరమైన గుర్తింపు ఇచ్చింది. తీర్పు రాకముందూ ఆ మనుషులున్నారు. ఆడ, మగ రెండిట్లో దేన్నీ తనది అనుకోని మనిషి ఈ క్లాసు ముందుకొస్తే ఏం జరుగుతుంది? ఏ విలువ ఎంచుకున్నా అబద్ధమే అవుతుంది. అబద్ధమాడితేనే ఫారం ముందుకి కదులుతుంది. ఇక్కడ ఎవరూ ఎవర్నీ తిట్టలేదు, గెంటెయ్యలేదు. ఎప్పుడో ఒకరు ఆలోచించకుండా ఒక టైపు ఎంచుకున్నారు, అంతే.

ఇక నల్. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే భాష రూపొందిస్తూ టోనీ హోర్ నల్ రిఫరెన్సుని చేర్చాడు. 2009లో ఒక ప్రసంగంలో దాన్ని తన బిలియన్ డాలర్ల పొరపాటు అన్నాడు. అమలు చెయ్యడం మరీ తేలిక కాబట్టి ఆశపడి పెట్టేశానన్నాడు. ఆయన బాధ ప్రోగ్రాములు కూలిపోవడం గురించి. నల్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. తండ్రి పేరు దగ్గర నల్ ఉందనుకోండి. తండ్రి ఎవరో తెలియదనా? తెలుసుగానీ చెప్పడం ఇష్టం లేదనా? అడగడం మర్చిపోయారనా? మూడూ మూడు వేర్వేరు జీవితాలు. ప్రోగ్రాముకి ఒకటే శూన్యం. 2016 డిసెంబరులో మన పాస్‌పోర్టు నిబంధనలు మార్చి, తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలన్నారు. ఒంటరి తల్లులకి అదెంత ఊరటో ఊహించొచ్చు. సాంకేతికంగా చూస్తే, తప్పనిసరి ఫీల్డు ఒకటి తప్పనిసరి కాకుండా పోయింది.

‘నేర్చుకునే పిల్లల నెత్తిన ఇంత బరువా?’ అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. టైలరింగ్ నేర్చుకునే అమ్మాయి పాత గుడ్డముక్క మీద కుట్లు వేస్తుంటే, ఇది ఎవరి కొలత అని అడగం కదా. పైగా దేన్నీ వదిలెయ్యకుండా దేన్నీ వర్ణించలేం. ‘చెట్టు’ అనే మాట కూడా వేల చెట్ల తేడాల్ని వదిలేస్తేనే పుట్టింది. ఒప్పుకుంటాను. వదిలెయ్యడంలో తప్పేం లేదు, వదిలేశామన్న ఎరుక లేకపోవడంతోనే పేచీ. గుడ్డముక్క చొక్కా అయి ఎవరి ఒంటిమీదకీ రాదు. అభ్యాసంలో రాసిన ‘పర్సన్’ మాత్రం అలవాటై మనతో ఆఫీసుకొస్తుంది. ఆస్పత్రి రిజిస్ట్రేషన్‌లోకి, పెన్షన్ పోర్టల్‌లోకి దూరుతుంది. అక్కడ పట్టని మనిషి క్యూలో నిలబడి, తన పేరు తనదే అని నిరూపించుకోవాలి.

ఇప్పుడైతే ఆ క్లాసుని ఏఐ రెండు సెకన్లలో రాసి ఇస్తుంది. ఎక్కువమంది ఏ ఫీల్డులు పెట్టారో దాదాపు అవే పెడుతుంది. అంటే టైపు చేసే శ్రమ తగ్గింది, తేల్చాల్సిన బాధ్యత తగ్గలేదు.

ఈ క్లాసులూ సబ్‌క్లాసులూ వచ్చింది ఓస్లోలోని నార్వే కంప్యూటింగ్ సెంటర్ నుంచి. ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నిగార్డ్ కలిసి సిమ్యులేషన్ల కోసం చేసిన సిమ్యులా 67 అనే భాషలో అవి పుట్టాయి. 2001కి గాను వాళ్లిద్దరికీ ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఇంతవరకూ చాలా పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. నిగార్డ్ తర్వాత చేసిన పని గురించి అంతగా చెప్పుకోం. 1970ల మొదట్లో ఆయన నార్వే ఇనుము, లోహ కార్మికుల సంఘంతో కలిసి పనిచేశాడు. ఫ్యాక్టరీల్లోకి వస్తున్న కంప్యూటర్ వ్యవస్థల్ని కార్మికులే అర్థం చేసుకుని, వాటి మీద తమ మాట చెప్పగలగాలన్నది ఉద్దేశం. లోకాన్ని క్లాసులుగా వర్ణించే పనిముట్టు తయారుచేసినవాడు, ఆ వర్ణనలో ఇరుక్కునే మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్లాడు. ఆ రెండు పనులకీ సంబంధం లేదని నేననుకోను.

అందుకని అభ్యాసం మానెయ్యమని అనను. ఒక చిన్న మెట్టు కలపమంటాను. క్లాస్ రాయడం అయ్యాక, రవి అనే ఊహాజీవి బదులు మీకు నిజంగా తెలిసిన ముగ్గురిని అందులో పెట్టి చూడండి. వాళ్లలో ఒకరు మీ అమ్మమ్మో నాయనమ్మో అయితే మరీ మంచిది. పుట్టినతేదీ దగ్గరే ఆగిపోవచ్చు. ఫలానా తుఫాను వచ్చిన ఏడాది, వరికోతలప్పుడు అని చెబుతుంది. ఆ జవాబు ఏ డేట్ టైపులోనూ పట్టదు. ఒకప్పుడు చాలా ఊళ్లలో పిల్లల్ని బళ్లో చేర్చుకునేటప్పుడు తేదీ తెలియకపోతే మాస్టారే జూలై 1 అనో ఇంకోటనో రాసేసేవారు. పాపం, ఆయనా మంచివాడే. రిజిస్టరులో ఆ గడి ఖాళీగా ఉంచడానికి లేదు మరి.