గాదెలో విత్తనం, గ్యారేజీలో స్క్రాంబ్లర్

ట్రయంఫ్ స్క్రాంబ్లర్ 1200 ఇంజిన్‌కు రెక్కలున్నాయి. సిలిండర్ల చుట్టూ వరసగా, పల్చగా, అచ్చం 1960ల బండ్లకు ఉన్నట్టే. ఆ రోజుల్లో వాటికి పని ఉండేది. ఇంజిన్ వేడిని వీచే గాలికి అప్పజెప్పేవి. ఇప్పుడు ఆ పని దాదాపు మొత్తం కూలెంటూ రేడియేటరూ చూసుకుంటున్నాయి. ఆ రేడియేటర్‌ను మాత్రం ముందు గొట్టాల మధ్య సన్నగా, కంటికి ఆనకుండా ఇరికించారు. ఇదే కుటుంబంలోని బోనవిల్‌ది మరీ చోద్యం. కార్బ్యురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక, కొత్త పరికరానికి పాత కార్బ్యురేటర్ ఆకారం తొడిగారు. పని చేసేది చాటుకు పోయింది, పని పోయినది దర్జాగా ముందు నిలబడింది.

దీన్ని అబద్ధం అనవచ్చా?

తొందరపడనక్కర్లేదు. ఏలూరు జిల్లా గుంటుపల్లి కొండమీద క్రీస్తుపూర్వం నాటి గుండ్రటి బౌద్ధ చైత్యగృహం ఉంది. లోపలికి వెళ్లి తలెత్తితే కప్పు నిండా వాసాలు కనిపిస్తాయి, రాతిలో చెక్కినవి. కొయ్య ఇంట్లో వాసం కప్పును మోస్తుంది. కొండను తొలిచిన గుహలో అది మోసేదేమీ లేదు. అయినా ఆ శిల్పులను ఎవరూ మోసగాళ్లనలేదు. తమ పెద్దలు మొక్కిన చోటు ఎలా ఉండేదో, రాయి చేతికొచ్చాక కూడా వాళ్లు మరిచిపోలేదు, అంతే. పని పోయాక రూపం మిగలడం కొత్త సంగతి కాదు. కాకపోతే గుంటుపల్లిలో కొయ్యను వదిలి రాయి పట్టినవి ఒకే సంప్రదాయపు చేతులు. ట్రయంఫ్ విషయంలో ఆ మాట అనగలమా అన్నదగ్గరే చిక్కు.

న్యూరెంబర్గ్ నుంచి ఇంగ్లండ్ వచ్చిన సీగ్‌ఫ్రీడ్ బెట్‌మన్ స్థాపించిన ఈ కంపెనీ కోవెంట్రీలో సైకిళ్లు చేసి, 1902లో మోటారుసైకిళ్లకు దిగింది. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడి ఆ కర్మాగారం నాశనమైతే మెరిడెన్‌కు మారింది. 1956లో జానీ అలెన్ అనే రైడర్ అమెరికాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో ట్రయంఫ్ ఇంజిన్‌తో గంటకు 214 మైళ్లు అందుకున్నాడు. అంతర్జాతీయ సమాఖ్య ఆ రికార్డును గుర్తించలేదు. కంపెనీ మాత్రం వెనక్కి తగ్గకుండా 1959లో వచ్చిన కొత్త బండికి ఆ మైదానం పేరే పెట్టింది. కాలిఫోర్నియా కుర్రాళ్లు 650 సీసీ టీఆర్6 బండ్ల బరువు తగ్గించి, సైలెన్సర్లు పైకెత్తి ఎడారిలో తోలేవారు. సినిమా నటుడు స్టీవ్ మెక్వీన్ 1964లో తూర్పు జర్మనీలో జరిగిన అంతర్జాతీయ ఆరు రోజుల ట్రయల్‌కు టీఆర్6 మీదే వెళ్లాడు. షూటింగుకు కాదు, అమెరికా జట్టు సభ్యుడిగా. ఇప్పటి స్క్రాంబ్లర్ చెప్పుకునే వంశవృక్షం ఇదే.

ఆ వృక్షం మధ్యలో నరికి ఉంది. జపాన్ బండ్ల పోటీకి తట్టుకోలేక కంపెనీ కుంగింది. 1973లో మూసేస్తారని తెలిసి కార్మికులు మెరిడెన్‌ను ఆక్రమించారు. 1975 నుంచి సహకార సంఘంగా నడిపారు. 1983లో అదీ ఆగిపోయింది. ఇళ్లు కట్టి అమ్మే జాన్ బ్లూర్ అనే వ్యాపారి ట్రయంఫ్ పేరునూ హక్కులనూ కొన్నాడు. పాత కర్మాగారాన్ని కూల్చి ఆ స్థలంలో ఇళ్లు కట్టారు. బ్లూర్ హింక్లీలో వేరే కర్మాగారం పెట్టి, 1990ల మొదట్లో కొత్త బండ్లు బయటికి తెచ్చాడు. వాటికీ మెరిడెన్ బండ్లకూ పేరు తప్ప చుట్టరికం లేదు. ఆ నడుమ కాలంలో, 1985 నుంచి 1988 దాకా, డెవన్‌లో లెస్ హారిస్ అనే విడిభాగాల తయారీదారు బ్లూర్ దగ్గరే లైసెన్సు తీసుకుని పాత నమూనా బోనవిల్‌ను చేసి అమ్మాడు.

తత్వశాస్త్రం చదువుకున్నవాళ్లకు ఇక్కడ చెవులు నిక్కబొడుచుకుంటాయి. థీసియస్ ఓడకు పుచ్చిన పలకలు మార్చుకుంటూ పోతే అది ఆ ఓడేనా అని గ్రీకులు వాదించుకున్నారని ప్లూటార్క్ రాశాడు. 17వ శతాబ్దంలో థామస్ హాబ్స్ ముడిని ఇంకాస్త బిగించాడు. తీసేసిన పలకలన్నీ దాచి ఎవరో రెండో ఓడ కడితే, అసలుది ఏది? పండితుల కాలక్షేపం అనుకున్న ఆ ప్రశ్న 1980ల ఇంగ్లండ్‌లో దాదాపుగా నిజమైంది. పాత ఇంజిన్, పాత చట్రం డెవన్‌లో. యజమాని, పేరు హింక్లీలో.

మన దేశంలో ఇలాంటిదే ఇంకాస్త లోతైన ఉదాహరణ ఉంది. పూరీ నవకళేబరంలో, చివరిసారి 2015లో, జగన్నాథుడి కొయ్య విగ్రహం మొత్తం మారిపోయింది. పాత మూర్తిలోని బ్రహ్మపదార్థాన్ని కళ్లకు గంతలు కట్టుకున్న దైతాపతులు రాత్రివేళ కొత్త మూర్తిలోకి చేరుస్తారు. భక్తుడికి సందేహమే లేదు, స్వామి ఆయనే. అక్కడ చేయి మారేది కళ్లతో చూడకూడని వస్తువు. ఇంగ్లండ్‌లో చేయి మారింది ట్రేడ్‌మార్కు కాగితం. కాగితానికి అంత బరువు ఎవరిచ్చారు?

ఎవరో ఇవ్వాల్సిన పనేముంది, పేర్లన్నీ అంతే అంటాడు నాగసేనుడు. మిలింద రాజుతో ఆ భిక్షువు చేసిన వాదం తెలిసిందే: చక్రం రథం కాదు, ఇరుసు రథం కాదు, భాగాలు కూడిన చోట వాడుక కోసం పెట్టుకున్న పేరే రథం. న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు దీన్ని ఒప్పుకోరు. అవయవాలకు వేరుగా అవయవి అనే నిజమైన వస్తువు ఒకటి ఉందంటారు. వైశేషికులైతే మరీ నిక్కచ్చి. ఒక్క అవయవం మారినా పాత అవయవి నశించి కొత్తది పుడుతుందంటారు. వాళ్లు గనక రవాణా శాఖలో ఉంటే చెయిన్ మార్చిన ప్రతిసారీ కొత్త ఆర్‌సీ తీసుకోవాల్సి వచ్చేది.

ఈ బండి విషయంలో ఎక్కువ పనికొచ్చేది 7వ శతాబ్దపు బౌద్ధ తాత్వికుడు ధర్మకీర్తి గీటురాయి. ఏ వస్తువుకు ఫలితం ఇచ్చే శక్తి ఉందో, అర్థక్రియా సామర్థ్యం ఉందో, అదే నిజంగా ఉన్నట్టు. చిత్రంలోని మంట వంట చేయదు. ఈ గీటురాయి మీద 2006లో వచ్చిన 865 సీసీ ట్రయంఫ్ స్క్రాంబ్లర్ పెద్దగా నిలవదు. పైపులు పైకి ఉన్నాయి, టీఆర్6 పోలికలు బాగా దిగాయి, సస్పెన్షన్ మాత్రం రోడ్డు బండిదే. 2018లో ప్రకటించిన 1200 వేరే రకం. దాని ఎక్స్ఈ రకానికి ముందూ వెనకా 250 మిల్లీమీటర్ల సస్పెన్షన్, 21 అంగుళాల ముందు చక్రం. 2019లో స్టంట్ రైడర్ ఎర్నీ విజిల్ దీన్నే మెక్సికన్ 1000 ఎడారి పందెంలో తోలి పూర్తి చేశాడు. మెరిడెన్‌తో రక్తసంబంధం లేకపోయినా, మెక్వీన్ నాటి బండి చేసిన పని ఇది చేస్తోంది. రెక్కలు చేయలేని రుజువు సస్పెన్షన్ చేసింది. వారసత్వం అనేది ఉంటే అది ఇక్కడుంది.

అయితే ధర్మకీర్తి తరువాతి బౌద్ధులు ఇంతటితో వదలరు. గాదెలో ఉన్న విత్తనం మొలకెత్తదు, పొలంలో పడ్డది మొలకెత్తుతుంది. కాబట్టి ఆ రెండూ ఒక విత్తనం కాదంటారు వాళ్లు. మొలకను పుట్టించే క్షణంలోని విత్తనానికి మాత్రమే ఆ స్వభావం ఉంది, దాని పేరు కుర్వద్రూపం. నైయాయికుడైన ఉదయనుడు ‘ఆత్మతత్త్వవివేకం’లో దీన్ని గట్టిగా ఖండించాడు. విత్తనం ఒకటే, మట్టి, నీరు వంటి సహకారులు దొరకలేదంతే అన్నది న్యాయ పక్షం.

పది లక్షలు పైబడిన ఈ బండిని కొని, ఆదివారం పొద్దున్నే వికారాబాద్ దాకా తారురోడ్డు మీద వెళ్లి, టిఫిన్ చేసి, ఎండెక్కేలోపు గచ్చిబౌలి సెల్లార్‌కు చేర్చే యజమానికి ఈ వాదం దగ్గరి చుట్టమే. అతని బండి స్క్రాంబ్లరా? బౌద్ధుడు కాదంటాడు. నైయాయికుడు అవునంటాడు, అనంతగిరి మట్టిబాట సహకారి కావాలి, అది దొరికితే చాలంటాడు. బౌద్ధుడి పక్షం వాదనకు పదునుగా ఉంది గానీ బతుకుకు సరిపడదు. వాన పడేదాకా గాదెలో ఉన్నవి విత్తనాలు కావంటే ఏ రైతూ వాటిని దాచడు.

కంపెనీ తన తీర్పు అమ్మకాల లెక్కలోంచి చెప్పినట్టుంది. 2024 నమూనాలకు, 1200లో ఎక్స్ఈకి తోడుగా ఉన్న ఎక్స్‌సీ రకాన్ని పక్కనపెట్టి ఎక్స్ అనే రకాన్ని తెచ్చింది. సస్పెన్షన్ 170 మిల్లీమీటర్లకు కుదించింది, ఎక్స్ఈలో 870 మిల్లీమీటర్లున్న సీటు ఎత్తును దీనికి 820కి దించింది, ధరా తగ్గించింది. ఎక్స్ఈని మాత్రం కొనసాగించింది. ఉదయనుడైతే ఎక్స్‌ను కూడా విత్తనాల్లోనే వేసేవాడు. మన పల్లెల మట్టిరోడ్లకు 170 మిల్లీమీటర్లు తక్కువేమీ కాదు.