విప్పని వేషం

మా కూచిపూడిలో వేషం కట్టడం ఎంత ముఖ్యమో, విప్పడమూ అంతే ముఖ్యం. 2012లో కన్నుమూసిన వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా వస్తే, ఆడవాళ్ళే అసూయపడేవారని చెప్పుకుంటారు. ఆట అయ్యాక జడ విప్పేస్తే ఆయన శర్మగారే. రాత్రి భామ పడ్డ అలకకి పొద్దున శర్మగారిని ఎవరూ నిలదీయరు గదా!

ఖాకీకి ఆ సదుపాయం లేదు. 1989లో గ్రేహౌండ్స్ దళాన్ని నెలకొల్పిన ఐ.పి.ఎస్. అధికారి కె.ఎస్. వ్యాస్‌ను 1993 జనవరి 27న హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియంలో నక్సలైట్లు కాల్చి చంపారు. అప్పుడాయన జాగింగ్ చేస్తున్నారు. వ్యాయామానికి వచ్చిన మనిషి. అయినా చంపినవాళ్ళకి కనిపించింది ఖాకీయే.

"ఆ ఉద్యోగమే అంతండీ, తెలిసే చేరతారు" అంటారు కొందరు. నిజమే. కాని జీతం పనికిస్తారు గాని, ప్రాణానికి ఇస్తారా?

"మరి పోలీసు తూటాలకు పోయినవాళ్ళో?" అంటారు ఇంకొందరు. న్యాయమైన ప్రశ్నే. వాళ్ళకీ తల్లులున్నారు. ఎన్‌కౌంటర్ జరిగితే విచారణ అడగాల్సిందే. అయితే దుఃఖం తీర్పు కాదు. ఒకరి కోసం కన్నీరు పెట్టుకున్నంత మాత్రాన ఇంకొకరి లెక్క కొట్టేసినట్టు కాదు. అటు "ఖాకీ" అన్నా, ఇటు "నక్సలైటు" అన్నా, ఆ ఒక్క మాటతో లోపలి మనిషి మాయమైతేనే తుపాకి తేలిగ్గా పేలుతుంది.

1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది పోలీసులు చనిపోయారు. అందుకే ఏటా ఆ రోజున పోలీసు అమరుల సంస్మరణ. ఆ ఏడు పోయినవాళ్ళ పేర్లు చదువుతారు. నాకు ఆ కార్యక్రమంలో నచ్చేది అదే. దండలూ, ఉపన్యాసాలూ ఖాకీకి. పేరు మాత్రం మనిషిది. చంపినవాడు చూడనిదాన్ని మనం చూడడమే స్మరణంటే. ఆయన విప్పుకోలేకపోయిన వేషాన్ని ఆయన తరఫున మనం విప్పడం అన్నమాట.

దానికి అక్టోబరు దాకా ఆగడం ఎందుకు? మీ సెంటర్లో ఎండలో నిలబడే కానిస్టేబుల్ చొక్కా మీద పేరు రాసే ఉంటుంది. ఎప్పుడైనా చదివారా? ఈసారి అటు వెళ్ళినప్పుడు ఓసారి చదవండి. పేరు పెట్టి పలకరిస్తే ఇంకా మంచిది. ఆయన వినగలిగినప్పుడే.