ఈర్యాసమితి: దారి మీది అహింస

ఎవరికీ హాని జరగనప్పుడు అజాగ్రత్త దోషమవుతుందా అన్నది నీతిశాస్త్రంలో పాత ప్రశ్న. ఫోను చూసుకుంటూ మోటారు సైకిలు మీద కూడలి దాటి, ఎవరినీ తాకకుండా ఇల్లు చేరిన మనిషి విషయంలో లోకం సాధారణంగా “ఏమీ కాలేదు కదా” అని ఊరుకుంటుంది. దేశంలో 2022లో జరిగిన రోడ్డు ప్రమాదాల మృతులలో సుమారు 44 శాతం మంది ద్విచక్రవాహనాల మీద వెళ్తున్నవారే కనుక, ఫలితాన్ని బట్టి దోషాన్ని కొలిచే ఈ అలవాటును పరీక్షించడం అవసరం. భారతీయ దర్శనాలలో ఆ పరీక్షను అందరికంటే సూటిగా చేసినవారు జైనులు.

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం ఏడవ అధ్యాయంలో హింసను నిర్వచిస్తూ, ప్రాణహానికి ముందు దానికి మూలమైన ప్రమత్తయోగాన్ని పేర్కొన్నాడు. యోగమంటే ఇక్కడ ఆసనమో ధ్యానమో కాదు, మనోవాక్కాయాల కదలిక. ఆ కదలిక అజాగ్రత్తతో, రాగద్వేషాలతో కూడినప్పుడు ప్రమత్తమవుతుంది. కుందకుందాచార్యుడు ప్రవచనసారంలో ఇంకొక అడుగు ముందుకు వేసి, ఎదుటి ప్రాణి చచ్చినా బతికినా అజాగ్రత్తగా నడుచుకునేవాడికి హింసాదోషం తప్పదనీ, జాగ్రత్తగా మెలిగేవాడిని కేవలం హాని జరిగినంత మాత్రాన కర్మబంధం అంటదనీ తేల్చాడు. దోషం తగలడంలో లేదు, చూడకపోవడంలో ఉంది అన్న ఈ సిద్ధాంతం కఠినమైనదే అయినా, వాహనం నడిపేవారి విషయంలో ఇంతకంటే న్యాయమైనది మరొకటి కనిపించదు. ఎందుకంటే కూడలిలో ఆ క్షణాన పిల్లవాడు అడ్డం రాకపోవడంలో నడిపేవాడి గొప్ప ఏమీ లేదు.

సాధువులు పాటించవలసిన అయిదు సమితులలో, అంటే జాగ్రత్త నియమాలలో, మొదటిది ఈర్యాసమితి. ఈర్య అంటే గమనం. పగటివేళ, నలుగురూ నడిచిన దారిలో, తొందరపడకుండా, ముందు కాడి పొడవు మేర, అంటే సుమారు నాలుగు మూరల నేలను చూస్తూ నడవాలని ఆ నియమం చెబుతుంది. నడిచే మనిషికి ఆ దూరం దాటడానికి ఒక సెకనుకు పైగా పడుతుంది కనుక, కాలి కింద చీమ కనబడితే అడుగు ఆపుకోవడానికి వ్యవధి ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే మోటారు సైకిలు అదే సెకనులో దాదాపు 17 మీటర్లు దాటుతుంది. అడ్డంకిని గుర్తించి బ్రేకు పట్టేలోపే ఆ దూరం గడిచిపోగా, బండి పూర్తిగా ఆగేసరికి పొడి రోడ్డు మీద కూడా మొత్తం 40 మీటర్ల వరకు పట్టవచ్చు. వేగం పెరిగినకొద్దీ కాడి పొడవు పెరగాలి, చూపు అంతదూరం ఆననప్పుడు వేగమే తగ్గాలి. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటారు సైకిలు ప్రమాదాలను పరిశీలించి హ్యారీ హర్ట్ బృందం 1981లో వెలువరించిన నివేదిక ప్రకారం, తప్పించుకోవడానికి నడిపేవారికి సాధారణంగా దొరికే వ్యవధి రెండు సెకన్లకు లోపే.

అయితే చూపు ఉండటం, అది ఒకచోట అతుక్కుపోవడం ఒకటి కావు. వరికోతల కాలంలో తెలుగు పల్లెల దారుల్లో రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి, రాత్రికి వాటిపై నల్లటి టార్పాలిన్ కప్పుతారు. లైటు వెలుతురులో చివరి నిమిషాన రాయి కనబడగానే భయంతో చూపు దానికే అంటుకుంటుంది, చూపు ఎటుంటే చేతులూ అటే మొగ్గుతాయి, రాయి పక్కన ఖాళీ దారి ఉన్నా బండి రాయి మీదికే పోతుంది. చూపును ఒక్కచోటే నిలపడాన్ని ఆదర్శంగా చూపే కథ ఒకటి, నిండు నూనెపాత్రతో జనం మధ్య నడిచే మనిషిది, బౌద్ధ వాఙ్మయంలో ప్రసిద్ధం. చుక్క ఒలికితే నరకడానికి వెనుక కత్తి దూసినవాడు వస్తుండగా అతని దృష్టంతా పాత్ర మీదే నిలవాలి, జనం అతనికి కనబడకూడదు. బండి నడిపేవాడికి జనమే కనబడాలి కనుక ఆ ఆదర్శం ఇక్కడ చాలదు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఏకాగ్రతకూ అవధానానికీ చూపిన తేడా ఇక్కడ అక్కరకు వస్తుంది: ఏకాగ్రత ఒకదాన్ని పట్టుకుని మిగతా వాటిని తోసివేస్తుంది, అవధానం దేన్నీ తోసివేయకుండా ఉన్నదాన్నంతా చూస్తుంది. అద్దంలో లారీ, రోడ్డు వారగా ఆవు, ఆగిన ఆటోలోంచి దిగబోయే మనిషి, వీటితోపాటు తనలో అప్పుడే రేగిన కోపం కూడా ఆ చూపులోకి రావాలి.

ఇంతటి అవధానాన్ని ఎవరైనా గంటల తరబడి నిలుపుకోగలరా అన్న ఆక్షేపణ సమంజసమే. జైన నియమం దీన్ని మనోబలానికి వదిలిపెట్టలేదు. పగలే నడవాలి, తొందర కూడదు అన్న కట్టుబాట్లు అవధానం చెదిరే సందర్భాలను ముందే తొలగిస్తాయి. నిద్ర చాలనప్పుడు, గొడవపడి ఇల్లు వదిలినప్పుడు తాళంచెవి తిప్పకపోవడం, ఫోను సంచిలో పెట్టి బయలుదేరడం ఆ కోవలోనివే.

జైన సాధువులు అసలు వాహనమే ఎక్కరు కనుక, వారి నియమాన్ని యంత్రానికి అన్వయించడం అతిక్రమణ అనిపించవచ్చు. కాని గృహస్థులకు వేరుగా చెప్పిన వ్రతాలలో అనర్థదండ విరతి ఒకటి ఉంది. ప్రయోజనం లేకుండా హానికి తావిచ్చే పనులను మానుకోవడమే అది, అందులో అజాగ్రత్తతో కూడిన నడవడిని ఒక రకంగా ప్రత్యేకంగా లెక్కించారు. గృహస్థుడి ప్రయాణాన్ని ఆ వ్రతం తప్పుపట్టదు, మలుపులో సరదాకు లారీని దాటేయడాన్ని మాత్రం, ఎదురుగా ఎవరూ రాకపోయినా, తప్పుపడుతుంది.